యాదగిరి పోసిన బూడిద గీతలు

రాయదుర్గం మెట్రో దగ్గర పార్కింగుకు తెల్లగీతలు వేస్తున్నారు. చూస్తుంటే కాలు ఒకచోట నిలవడం లేదు.

డెబ్బైల్లో ఇక్కడే మనతో కబడ్డీ ఆడిన యాదగిరి గుర్తున్నాడారా? కూతకు వెళ్తే ముగ్గురిని అవుట్ చేసి వచ్చేవాడు. రోజూ ఎవడో ఒకడిని కొట్టేవాడు కూడా. కొట్టినవాడు ఆటయ్యాక ఒక్కడే ఆగి, మర్నాటి ఆటకు పొయ్యి బూడిదతో గీతలు పోయాలని కెప్టెన్ మల్లేశన్న శిక్ష పెట్టాడు. అయినా వాడు మారలేదు. జట్టులోంచి తీసేయమని మనమే గొడవ చేశాం.

ఒక సాయంత్రం వాడు ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆటయ్యాక మనం చొక్కాలు తొడుక్కుంటుంటే బూడిద డబ్బా పట్టుకొని మల్లేశన్న ముందు నిలబడ్డాడు.

"ఇయ్యాల ఎవ్వర్నీ కొట్టలేదన్నా. అయినా గీతలు నేనే పోస్త. జర ఆలస్యమైతె మా నాయిన తాగి పండుకుంటడు, నన్ను కొట్టడు."

మల్లేశన్న తన చొక్కా మళ్లీ విప్పి బరిలోకి దిగాడు. తర్వాత మనమందరం విప్పాం.