గోడ మీది వ్యోమగామిది ఏ దేశం?

డెబ్బైలలో, చమురు డబ్బుతో ఖతార్ కొత్తగా లేస్తున్న రోజుల్లో, నేను దుఖాన్ చమురు క్యాంపులో స్టోర్ గుమాస్తాని. ఒక శుక్రవారం అక్కడి నుంచి దోహాకు బయలుదేరడానికి కారణం ఒక పోస్టరు. నా గదిలోనే ఉండే కరీంనగర్ రాజయ్య, సెలవులో ఊరెళ్ళినప్పుడు రష్యా పుస్తకాలమ్మే వ్యాను దగ్గర కొన్న రష్యా వ్యోమగామి బొమ్మను తన మంచం పైన అంటించాడు. నవ్వు ముఖం, పక్కన సుత్తీ కొడవలీ ఉన్న ఎర్రజెండా, కింద తెలుగులో ‘ఆకాశాన్ని గెలిచిన మనిషి’. జెండా చూసిన క్యాంప్ బాస్, శనివారం తనిఖీలో మళ్ళీ అది కనిపిస్తే రాజయ్యను ఇంటికి పంపేస్తానన్నాడు.

"తెలుగుల రాసిండ్రు గద సారూ, మనోడు గాదా?" అన్నాడు రాజయ్య.

"రష్యావాడయ్యా. మనం చదవాలని తెలుగులో అచ్చు వేశారు."

"మనోడు గానప్పుడు మనమెందుకు చదువాలె?"

బొమ్మను గోడ మీంచి ఊడదీసి చుట్టమన్నాను.

బదులుగా ఇంకో బొమ్మ కొందామని పొద్దున్నే షేర్ టాక్సీ ఎక్కాం. మనిషికి ఐదు రియాళ్ళు, గంటన్నర దారి, రెండు పక్కలా రాళ్ళ ఎడారి. బలూచీ డ్రైవరు పోస్టరు విప్పించి చూసి, "అమ్రీకీ హై?" అన్నాడు. రష్యావాడన్నాను. కింద ఉన్న భాష ఏమిటని అడిగాడు. తెలుగన్నాను. మా ఇద్దరి ముఖాలూ ఒకసారి చూసి, పోస్టరు వెనక్కిచ్చి గేరు మార్చాడు.

సూక్‌లో, అంటే అక్కడి బజారులో, దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. జుమ్మా నమాజు అయ్యాక, ఫోటోలకు ఫ్రేములు కట్టే నిజామాబాద్ ఖాదర్ భాయ్ కొట్టు తెరిచి, చంద్రుడి మీద నిలబడ్డ అమెరికా మనిషి బొమ్మ తీశాడు.

రాజయ్య తల అడ్డంగా ఊపాడు. "ముఖం మీద అద్దమే ఉన్నది. డ్యూటీకి పోయేటప్పుడు నన్ను జూసి నవ్వేటోడు గీయనొక్కడే భాయ్."

"అయితే జెండా కత్తిరిద్దాం. కింది అక్షరాలు కూడా తీసేద్దామా?" అన్నాడు ఖాదర్ భాయ్.

"వద్దు. అక్షరాలు పోతే మనోడెట్లయితడు?"

ఖాదర్ భాయ్ జెండా మేరకే కత్తిరించి, వెనక నీలం కాగితం అంటించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

శనివారం బాస్ వచ్చాడు. తిరిగి గోడకెక్కిన బొమ్మ దగ్గరికి వంగి, అక్షరాల మీద వేలు పెట్టి ఏ భాషని నన్ను అడిగాడు. చెప్పాను.

"ఓహో, ఇతను ఇండియనా?" అన్నాడు.

రాజయ్య నా వైపు చూస్తున్నాడు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. బాస్ పక్క గదికి వెళ్ళిపోయాడు.

"నేను జెప్తే మీరు ఇనలే," అన్నాడు రాజయ్య మెల్లగా.

ఆ బొమ్మ అచ్చువేసినవాళ్ళు మాకేం చెప్పాలనుకున్నారో, రాజయ్య అందులో ఏం చూశాడో, ఆ రెంటికీ పొంతన ఎక్కడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక జెండా తీసేస్తే మనిషి దేశం మారిపోతుందా? మారిందని ఆ గదిలో ముగ్గురం ఒప్పుకున్నట్టే ఉన్నాం, ముగ్గురివీ వేరు వేరు కారణాలు. ఆ దారిలో వెళ్ళేవారికి నేను ధైర్యంగా చెప్పగలిగింది ఒక్కటే: శుక్రవారం మధ్యాహ్న నమాజు అయ్యాకే సూక్‌కు చేరేలా బయలుదేరండి, లేకపోతే మూసిన తలుపుల ముందు ఎండలో నిలబడాలి.