చెరుకు తినే రాక్షసబల్లి

ధర్మవరంలో మా అత్తగారింట్లోకి కోడిగుడ్డు రాదు. కేకులో పడి ఉంటుందని అనుమానం వచ్చినా ఆ కేకు గడప దాటదు. అలాంటి ఇంట్లోకి పెళ్లైన మూడో రోజు నేను పదకొండు రాక్షసబల్లులను తెచ్చి దించాను.

ప్లాస్టిక్‌వే లెండి. అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక చట్రానికి తల, దవడ, పక్కటెముకలు, తోక, అన్నీ అంటుకుని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే తుంచి, అరగదీసి, అతికించి, రంగు వేసి నిలబెట్టాలి. ఒక్కో జంతువుకు నాకు నెల పడుతుంది. ఈ పని నాకెలా అబ్బిందంటే, దానికి కారణం హిందూపురం జనాల అనుమానం.

హిందూపురంలో మా నాయనకు ఫ్యాన్సీ సామాన్ల అంగడి. నేను ఏడో తరగతిలో ఉండగా బెంగళూరు సరుకులో ఇలాంటి పెట్టె ఒకటి పొరపాటున వచ్చింది. మూత మీద వీపంతా పలకలు లేచిన పెద్ద జంతువు. మూత చూసి కొన్నవాళ్లు ఇంటికి పోయి తెరిచి, సాయంత్రానికల్లా వెనక్కి తెచ్చారు. "ఏమప్పా, పగిలిపోయిన బొమ్మ అమ్ముతాండావు?" అని ముగ్గురు పోట్లాడారు. మూడోసారి వెనక్కి వచ్చాక నాయన దాన్ని నా ఒళ్లోకి విసిరాడు. "తీసుకోమ్మీ, దీనికి దుడ్లిచ్చేవాడు ఈ ఊర్లో పుట్టలేదు" అన్నాడు.

నాయన గోళ్లు కత్తిరించుకునే కట్టర్‌తో ముక్కలు తుంచాను. ఎలా అతికించాలో చెప్పే కాగితం మీద ఏ భాషలో రాసి ఉందో ఇప్పటికీ తెలియదు. వీపు మీది పలకలన్నీ పొట్ట కింద అతికించాను. నాయన తిప్పి తిప్పి చూసి, "బాగుండాది, దువ్వెన మాదిరి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మరుసటి రోజే అన్నీ ఊడబీకి మళ్లీ అతికించాను. అప్పటి నుంచీ ఈ పిచ్చి వదల్లేదు.

తరువాత పెనుకొండలో ఒక బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. రోజూ హిందూపురం నుంచి రైల్లో పోయేదాన్ని. ఒకనాడు ఒళ్లో ట్రైసెరాటాప్స్ తలకాయ పెట్టుకుని మూడు కొమ్ములూ గరుకు కాగితంతో రుద్దుతున్నాను. ఎదురు సీట్లో ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "అది మేక తలకాయనా అండీ?" అని భయం భయంగా అడిగాడు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టుకు వచ్చి ధర్మవరం తిరిగి పోతున్న చీరల వ్యాపారి ఆయన. మేకకు మూడు కొమ్ములుంటాయా అని గట్టిగా కసిరాను. ఏడాది తిరిగేసరికి ఆయన్నే చేసుకున్నాను.

మాది ఆదివారమైతే కోడి తెగే ఇల్లు. వాళ్లది ఎలాంటి ఇల్లో ముందే చెప్పాను. పెళ్లికి మా అత్త పెట్టిన షరతు ఒక్కటే. "మా ఇంట్లో మాంసం తినకూడదు." సరేనన్నాను. మాట తప్పలేదు కూడా. ఆమె ఇంట్లో అన్నది, నేను ఆమె ఇంట్లో తినలేదు. హిందూపురం పోయినప్పుడు తిన్నాను. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక ఆ పదకొండు జంతువుల సంగతి. కొత్తకోడలు తెచ్చిన సారె చూడడానికి వీధిలోని ఆడవాళ్లంతా రావడం అక్కడ మామూలే. ఇత్తడి బిందెలు, వెండి కుంకుమ భరిణె, చీరలు, అన్నీ చాప మీద పరిచారు. ఒక రేకుపెట్టె మిగిలింది. ఇదేదో గట్టి సారె అనుకుని మా అత్త తనే మూత తీసింది. పైనున్నది అస్థిపంజరం బొమ్మ. పక్కటెముకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

"ఎముకలు!" అని ఒకావిడ అరిచింది. మరొకావిడ కుంకుమ కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. మా అత్త మాత్రం కదల్లేదు. ఆమె నిదానం నాకు ఆ రోజే తెలిసింది. చాప మీద నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కో జంతువునూ తీసి విచారణ మొదలుపెట్టింది.

"ఇది ఏం తింటాది?"

"ఆకులత్తా."

"ఇది?"

"గడ్డి, పొదలు."

"ఇది?"

"ఇది... చేపలు."

తీర్పు అప్పటికప్పుడే వచ్చింది. ఆకులు, గడ్డి తినేవి చీరలు చూపించే ముందుగదిలో, గోడ అరలో ఉండొచ్చు. చేపలు, మాంసం తినేవి మిద్దె మీద నీళ్లట్యాంకు పక్క గదిలోకి పోవాలి. నలుగురు మిద్దెక్కారు, ఏడుగురు అరకెక్కారు. అస్థిపంజరం బతికి ఉన్నప్పుడు ఆకులే తినేదని నేను ప్రమాణం చేస్తే దానికీ చోటు దొరికింది. ఇంత న్యాయం కోర్టులో కూడా జరగదని మా ఆయన అన్నాడు.

ఆ ముందుగది గురించి చెప్పాలి. మా చీరల అంగడి అదే. తెల్లదుప్పటి పరిచిన పరుపు, మూడు వైపులా చీరల బీరువాలు. పెళ్లివాళ్లు వస్తే మొదటి చీర మడత ఇంటి పెద్దావిడే విప్పాలి. చెయ్యి మంచిదైతే పెళ్లి చక్కగా జరుగుతుందని ధర్మవరం వాళ్ల నమ్మకం. చెయ్యితో పాటు నోరు కూడా మంచిదై ఉండాలని మా అత్త నమ్మకం. పట్టు అయితే పట్టు, వేరే దారం కలిపినదైతే కలిపినది. జరీ నకలైతే అడగకముందే "ఇది నకలు జరీ" అని చెప్పేస్తుంది. ముదిగుబ్బ నుంచీ రామగిరి నుంచీ జనం వచ్చేది ఆమె మాట కోసమే.

బడి ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లు నేను ఆ గదిలో చీరలు మడతపెట్టాను. విప్పింది ఒక్కటీ లేదు. మొదటి చీర నేనే విప్పాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను. అడిగితే "ఇంకా కాలముండాది" అనేది. హిందూపురం కోడి వాసన నా చేతికి అంటుకుందని ఆమెకు తెలిసిపోయిందేమోనని లోపల గుబులు.

ఆ తొమ్మిదో ఏట నేను పక్కా మాంసాహారి టైరనోసారస్‌ను తయారుచేశాను. నా చేతిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంతగా అరగదీశాను. చీరలో దారపు ముడులు తీసే సన్న పట్టకారుతో ఒక్కో పన్నూ పట్టుకుని అతికించాను. అరవై పళ్లు. దాన్ని ట్యాంకు పక్కన పెట్టాలంటే ప్రాణం ఒప్పలేదు. తెచ్చి అరలో పెట్టాను.

మా అత్త వచ్చింది. నోరు చూసింది.

"ఇది ఏం తింటాదమ్మే?"

"ఆకులే."

"ఆకులు తినేదానికి ఇన్ని పళ్లు యాల?"

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అతికించడం నాకు వచ్చిన పనే కదా. "చెరుకు నమిలేదానికత్తా" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి నమ్మింది. చెరుకు నమలడం ఎంత కష్టమో ఆమె పళ్లకు తెలుసు. తరువాత దాని చేతులు చూసింది. "ఇంతేనా చేతులు? పాపం, గడ నోటికాడికి ఎట్ల తెచ్చుకుంటాది?" అంది. ఆ రోజు నుంచీ అది ఆమెకు ముద్దుల జంతువు అయిపోయింది. ఆయుధపూజనాడు పెరట్లోని మగ్గానికీ, తక్కెడకూ, నా పట్టకారుకూ బొట్టు పెట్టి, చివరికి దాని నొసటన కూడా కుంకుమ పెట్టింది. ముందర ఒక చెరుకుముక్క కూడా పెట్టింది, చెక్కు తీసి. చేతులు చిన్నవి కదా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చీరలు కొనడానికి వచ్చిన వాళ్లందరికీ ఆమె దాన్ని చూపించేది. "చూడమ్మా, ఎంత నోరుండాదో! తినేది మాత్రం చెరుకు." జన్మలో నకలు జరీని అసలని చెప్పని మనిషి నోట, వారానికి రెండుసార్లు నా అబద్ధం వచ్చేది. నాకు మొదట్లో నవ్వొచ్చేది. రాను రాను ఆ మాట వినబడితే చాలు, లేచి వంటింట్లోకి పోయేదాన్ని. నిజం చెబుదామంటే, చెప్పిన రోజు మొదటి చీర ఆశ కూడా పోతుందని భయం.

ఆ సంవత్సరమే పెనుకొండ నుంచి ఒక పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికూతురు, ఆమె పిన్నమ్మ, రిటైరైన సైన్సు అయ్యవారు, అంటే పెళ్లికూతురి తాత. మా అత్తకు మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉండి కుర్చీలో కూర్చుంది. బీరువా తాళంచెవి నా చేతికిచ్చి, మామూలుగా నీళ్లు తెమ్మన్నట్టు, "మొదటిది నువ్వే తీ" అంది.

 పసుపు రంగు, ఎర్రంచు చీర తీశాను. ఒక్క విసురులో కొంగు దుప్పటి చివరి దాకా పరుచుకుంది. పెళ్లికూతురు "అబ్బా" అంది. తొమ్మిదేళ్ల కోరిక తీరింది, ఒక నిమిషం.

ఆ నిమిషంలో అయ్యవారు అర వైపు చూశారు. చీరల దగ్గర మగవాళ్లకు పనేముంటుంది? "అదేందమ్మా?" అని అడిగారు. మా అత్త ముఖం వెలిగింది. "అది చానా పెద్ద జంతువు అయ్యవారూ. తినేది మాత్రం చెరుకు" అంది.

అయ్యవారు కళ్లద్దాలు సర్దుకుని, పకపకా నవ్వారు. "చెరుకా! ముప్పై ఏండ్లు పాఠం చెప్పినానమ్మా. అది పచ్చి మాంసం పీక్కుని తినేది. దానంత మాంసం తినేది ఇంకోటి లేదు. పోనీలే, పెద్దామె, పాపం ఎట్ల తెలుస్తాది?"

 పెళ్లికూతురి పిన్నమ్మ చీర కొంగును రెండు వేళ్లతో పైకెత్తింది. "బొమ్మ గురించే ఇట్ల చెప్తే, చీర గురించి ఏం చెప్తాండారో" అంది, చీరతోనే మాట్లాడుతున్నట్టు.

మా అత్త నా వైపు చూసింది. కోపంగా కాదు. నేనేదో చెబుతానని, ఆయనే పొరపాటు పడ్డాడని అంటానని చూసింది. అయ్యవారు దారి చూపించనే చూపించారు. పెద్దామెకు తెలియదని నేను కూడా నవ్వేస్తే సరిపోయేది. కానీ ఆమెను ఒకరు అంత మాట అంటే నాకు ఒళ్లు మండిపోయింది. కోపమొస్తే నా నోరు ఆగదు, ఆ ఒక్క రోజు అది మంచిదే అయింది.

"మా అత్త నోట అబద్ధం రాదు. అది నేను చెప్పిన అబద్ధం. మాంసం తినేదాన్ని ఈ గదిలో పెట్టనియ్యదని చెరుకు తింటాదని చెప్పినా. ఆమె నన్ను నమ్మింది, అదే ఆమె తప్పు" అన్నాను.

 మా అత్త మెల్లగా కుర్చీలోంచి లేచింది. కొంగు చివర వేలాడుతున్న పోగు ఒకటి లాగి, అగరుబత్తి దగ్గరున్న అగ్గిపెట్టె తీసి అంటించింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అసలు పట్టు అయితేనే అలా కాలుతుంది. నుసిని వేళ్ల మధ్య నలిపి పిన్నమ్మ ముక్కు దగ్గర పెట్టింది. అయ్యవారు కూడా వాసన చూసి, "పురుగులో నుంచి వచ్చిందే. ఇదీ పూర్తి శాకాహారం కాదులేమ్మా" అన్నారు. పెళ్లికూతురు నవ్వింది. తరువాత అందరూ నవ్వారు, మా అత్తా నేనూ తప్ప. వాళ్లు చీరలన్నీ మా దగ్గరే తీసుకున్నారు. మిగతా చీరలన్నీ మా అత్తే నిలబడి విప్పింది. "నువ్వు మడతపెట్టు" అంది నాతో, తాళంచెవి వెనక్కి తీసుకుంటూ.

సాయంత్రం టైరనోసారస్‌ను నేనే మిద్దె మీదికి తీసుకుపోయాను. నొసట బొట్టు అలాగే ఉంది. తుడవబుద్ధి కాలేదు.

మూడు రోజులు ఆమె నాతో మా ఆయన ద్వారానే మాట్లాడింది. నేను ఎదురుగా ఉండగానే "ఉప్పు ఎక్కువైందని చెప్పు" అనేది. మా ఆయన "ఉప్పు ఎక్కువైందంట" అని నాకు చెప్పేవాడు. నేను "తగ్గిస్తానని చెప్పు" అనేదాన్ని. పాపం, అన్నం కూడా సరిగా తినలేకపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన బయటికి పోయాడు. చీరలు చాలా విప్పి ఉన్నాయి. పట్టుచీర మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో కొన పట్టుకున్నాం. ఒక్కో మడతకూ ఒకరికొకరం దగ్గరికి రావాల్సిందే. రెండో చీర దగ్గర ఆమె తలెత్తకుండా అడిగింది.

"ఇంకా ఎన్ని ఉండాయి?"

"మాంసం తినేటివా? దాంతో కలిపి మిద్దె మీద ఐదు."

"బొమ్మలు కాదు. అబద్ధాలు."

 చీర కొన వదిలేసి పారిపోదామా అనిపించింది. వదిలితే చీర నేలపాలవుతుంది.

"ఒకటుండాదత్తా" అన్నాను. "హిందూపురం పోయినప్పుడల్లా కోడికూర తింటాండా."

"పోయినప్పుడల్లానా?"

"పోయినప్పుడల్లా."

ఆమె మడత సరిచేసింది. అంచు మీద అంచు పెట్టి, అరచేత్తో అదిమి, ముడత లేకుండా చూసుకుంది. నేను ఏడవడం ఆమెకు కనబడింది.

"తొమ్మిదేండ్ల నుంచి ఆ మాటే అడుగుదామని అనుకుంటాండా" అంది. "అడిగితే నువ్వు లేదంటావేమోనని భయం. లేదని అబద్ధం చెప్పే మనిషి చేతికి చీర ఎట్లిచ్చేది?"

నడుముకున్న తాళంచెవి తీసి దుప్పటి మీద పెట్టింది. "రేపు ముదిగుబ్బ వాళ్లొస్తాండారు. మొదటిది నువ్వే తీ."

కళ్లు తుడుచుకున్నాను. నాకు కొంచెం సందిస్తే చాలు కదా, వెంటనే అడిగేశాను. "అయితే మిద్దె మీద ఉండే ఆ పెద్దనోటిదాన్ని కూడా కిందికి తెచ్చేదా అత్తా?"

"తేవాకు" అంది, తరువాతి చీర కొన నా చేతికిస్తూ. "మాంసం తినేది కింద ఒకటి చాలు."