సూలా చప్పుడు

స్టైన్వోర్‌కి ముక్కు మీద కోపం. తిమింగలాలు చూడ్డానికి మా పడవ ఎక్కే యాత్రికులకు ఎర్రటి చలిదుస్తులు తొడిగే పని ఆవిడది. మెడ నుంచి కాళ్ళ దాకా ఒకటే ముక్కగా ఉండే ఆ దుస్తుల్లోకి మనిషిని దూర్చి, గడ్డం దాకా జిప్పు లాగి, వీపు మీద ఒక్కటి చరిచి "పో, ఇక చావవులే" అంటుంది. ఏ దేశం వాళ్ళయినా సరే, మా భాషలోనే అంటుంది. వాళ్ళు అదేదో దీవెన అనుకుని నవ్వుతారు. పడవ నడిపేది నేను, పేరుకి ఆవిడ నా చేతికింది మనిషి. "బార్దుర్, నీ పడవ" అంటుంది గాని, ఆ పడవలో నా మాట చెల్లిన రోజు లేదు.

ఆవిడ పుట్టింది అఖాతం చివర ఒక గొర్రెల కాపరి ఇంట్లో. అందరూ మగపిల్లలే ఉన్న ఇంట్లో పెరగబట్టి ఆ నోరు అలా తయారైందని మా అమ్మ అనేది, అదీ ఇద్దరికీ మాటలున్న రోజుల్లో. పెళ్ళీడు రాకముందే ఊళ్ళోకి వచ్చి చేపల కార్ఖానాలో కత్తి పట్టింది. అక్కడే హాల్ముందుర్ కంటబడ్డాడు. ఎత్తరి, నవ్వుమొహం వాడు, మందు కాస్త ఎక్కువ. "నా కిటికీ కింద నిలబడి పాడుతుంటే ఊరికి నిద్ర లేదు. ఏదో ఊరి బాగు కోసం చేసుకున్నాను" అని ఇప్పటికీ చెబుతుంది.

హాల్ముందుర్ పడవ పేరు సూలా. పాత ఇంజను, మూడు దెబ్బలు కొట్టి ఒకసారి ఊపిరి పీల్చినట్టు ఆగేది. టుక్, టుక్, టుక్, హుఁ. ఆ రోజుల్లో మా అఖాతంలో ప్రతి పడవకీ ఒక నడక ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళు చెవితోనే పోల్చుకునేవారు. సూలా నల్లముక్కు కొండ మలుపు తిరిగిందని వినబడగానే స్టైన్వోర్ బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టేది. అవి ఉడికేసరికి మొగుడు గుమ్మంలో ఉండేవాడు.

ఆ సూలా మీద రెండో మనిషి మా అన్న ఐవిందుర్. వాడికి అప్పుడే మీసం వస్తోంది, నేను ఇంకా బడికి వెళుతున్నాను. ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, కళ్ళు తెరవనీయని మంచు తుఫాను. మిగతా పడవలన్నీ వచ్చాయి, సూలా రాలేదు. మూడోనాడు మా అన్న చర్చి కింద నల్ల ఇసుకలోకి కొట్టుకొచ్చాడు. ఒక కాలికి బూటు లేదు. సూలా గాని, హాల్ముందుర్ గాని, కనీసం ఒక చెక్కముక్క గాని ఇంతవరకు దొరకలేదు.

మా అమ్మ ఆ రోజే తీర్పు చెప్పేసింది. "ఇద్దరూ ఒకచోట మునిగితే ఒకచోట తేలాలి కదా! నా బిడ్డ నీళ్ళల్లో పడిపోతే ఆ తాగుబోతు వెధవ వెనక్కి కూడా చూడకుండా పారిపోయాడు. పారిపోయి ఎక్కడో చచ్చాడు." అమ్మ కడుపుకోత ముందు ఎవరు నోరెత్తుతారు? ఊరు కాదనలేదు. కాదనకపోతే ఒప్పుకున్నట్టే కదా మరి. స్టైన్వోర్ మాత్రం వీధిలో నిలబడి అరిచింది, "ఆయన అలాంటి మనిషి కాదు పిన్నీ!" అని. అమ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసింది. అప్పటినుంచి కొట్లో ఎదురుపడితే ఒకరు పప్పుల వైపు, ఒకరు సబ్బుల వైపు తిరిగిపోవడమే.

స్టైన్వోర్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. కార్ఖానా మూతపడ్డాక మా తిమింగలాల పడవకి వచ్చింది. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది, ఎవరి తమ్ముడినో ఆవిడకి తెలుసు కదా. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "మీ అమ్మ పోలిక రాలేదు, బతికిపోయావు" అంది. అంతే, ఆ తర్వాత ఆ ఊసు లేదు.

పోయిన శరదృతువులో ఊరివాళ్ళు చర్చి దగ్గర ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. సముద్రంలో పోయినవాళ్ళందరి పేర్లూ చెక్కిన పెద్ద నల్లరాయి. హాల్ముందుర్ పేరు దగ్గర అందరూ ఆగిపోయారు. పెద్దమనుషులు ముగ్గురు టోపీలు చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చి అమ్మని అడిగారు. "వాడి పేరు ఎక్కిస్తే నా కొడుకు పేరు తీసెయ్యండి" అంది అమ్మ. వచ్చినవాళ్ళు కాఫీ కూడా తాగకుండా పోయారు. ఆ సంగతి తెలిశాక స్టైన్వోర్ కొన్నాళ్ళు యాత్రికుల వీపు మీద చరచడం కూడా మానేసింది. మొగుడికి సమాధి లేదు, కనీసం రాతి మీద పేరైనా ఉండాలని ఆవిడ ఆశ. అది మా అమ్మ నాలుక మీద ఉంది.

ఈ చలికాలం చేపల గుంపులు ఎన్నడూ లేనిది నల్లముక్కు కొండ కిందికి చేరాయి. వాటి వెనకే గూని తిమింగలాలు వచ్చాయి, వాటి వెనక మేము. జనవరి మధ్యాహ్నం, ఆకాశంలో ఉన్న కాస్త వెలుగూ నీలంగా ఉంటుంది. అక్కడ ఇంజను ఆపి, స్టైన్వోర్ నీళ్ళలోకి మైకు దించుతుంది. తిమింగలాల పాట స్పీకర్లోంచి పడవంతా వినబడుతుంది. జనం దానికే పడి చస్తారు.

ఒక రోజు ఆ పాట మధ్యలో వినబడింది. టుక్, టుక్, టుక్, హుఁ.

స్టైన్వోర్ చేతిలోంచి వేడి కోకో కూజా జారి పడింది. ఒక యాత్రికుడు "ఇది తిమింగలం గుండె చప్పుడా?" అని అడిగాడు.   చుట్టూ చూశాను, కనుచూపు మేరలో ఇంకో పడవ లేదు.

రేవులో దిగాక ఆవిడ నన్ను పట్టుకుంది. "విన్నావా?"

"ఏమిటక్కా?"

"ఏమిటంటే పళ్ళు రాలగొడతా. విన్నావా లేదా?"

"తిమింగలాలు నానా కూతలూ కూస్తాయక్కా. ఎప్పుడో విన్న చప్పుడు పట్టేసి ఉంటుంది."

"అయితే ఆ తిమింగలం ఆ రోజు ఆయన పక్కనే ఉన్నట్టేగా?"

 ఇంటికొచ్చి అమ్మ ముఖం చూడలేక పడుకున్నాను.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ వినబడింది. ఒకటే వరస. చప్పుడు దగ్గరికి వస్తుంది, మా పడవ అడుగు నుంచి దాటిపోతుంది, దూరమవుతుంది, చుట్టు తిరిగి ఇంకోవైపు నుంచి వస్తుంది. అంతలో ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ మొదలవుతుంది, ఈసారి చుట్టు ఇంకాస్త పెద్దది. మనిషి నీళ్ళల్లో పడితే మావాళ్ళు చేసేది ఇదే. ఒక చుట్టు తిరిగి ఇంజను ఆపి చెవి ఒగ్గుతారు, కేక వినబడుతుందేమోనని. వినబడకపోతే ఇంకో చుట్టు.

"వెతుకుతున్నాడురా" అంది స్టైన్వోర్. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఉన్నది ఏడుపో సంతోషమో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం భయం వేసింది. బతికున్నవాళ్ళు వినకూడనిది వింటున్నామని అనిపించింది.

మర్నాడు పొద్దున అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఎండుచేప మీద వెన్న రాసుకుంటుంటే తలుపు తెరుచుకుంది.

"ఎవరది, తలుపు కొట్టకుండా?"

"నేనే పిన్నీ."

అమ్మ తలెత్తలేదు. "రాయి సంగతైతే వచ్చిన దారినే పో."

"రాయి సంగతే. ఇవాళ మా పడవెక్కు, ఒకటి వినిపిస్తా. విన్నాక కూడా వద్దంటే ఆయన పేరు ఎక్కడా చెక్కొద్దని నేనే చెప్పేస్తా."

"జన్మలో పడవెక్కనని ఒట్టేసుకున్నాను."

"అది చేపల పడవ గురించి. ఇది బిస్కట్లు పంచే పడవ."

అమ్మ పెదవి మూల కదిలింది గాని నవ్వు బయటికి రానివ్వలేదు. "ఏమే, నీ మొగుడు చచ్చి కూడా నాటకాలాడుతున్నాడా? పద, అదీ చూస్తాను."

ఎర్ర దుస్తుల్లో అమ్మ సగమే నిండింది. వేలాడుతున్న ఆ దుస్తుల చేతులు మడతపెట్టి స్టైన్వోర్ వీపు చరచబోయి ఆగిపోయింది. "ముట్టుకోకు, నేనే ఎక్కగలను" అని అమ్మ పడవ అంచు పట్టుకుని ఎక్కి, మైకు పెట్టె పక్కన కూర్చుంది. దారి పొడవునా నీళ్ళ వైపు చూడలేదు.

నల్లముక్కు కింద సముద్రం నూనె పోసినట్టు ఉంది. రెండు తిమింగలాలు పైకి తేలి ఊపిరి వదిలి మునిగాయి. మైకు దించాం. చాలాసేపు పాటే వినబడింది.

"ఇదేనా? మా ఆవు ఈనేటప్పుడు ఇలాగే అరిచేది" అంది అమ్మ గట్టిగా. స్టైన్వోర్ పళ్ళు బిగించి స్పీకరు వైపే చూస్తోంది.

అప్పుడు మొదలైంది. టుక్, టుక్, టుక్, హుఁ.  ఆ చప్పుడు ఏమిటో అమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు, అదే చప్పుడు వెంట కొడుకుని రోజూ పంపింది. చప్పుడు మా కింద నుంచి దాటింది. దూరమైంది. చుట్టు తిరిగి వచ్చింది. ఆగింది.

ఆ ఆగిన క్షణంలో అమ్మ లేచి నిలబడింది.  మత్స్యకారుడి పెళ్ళాం, మత్స్యకారుడి తల్లి, ఇంజను ఎందుకు ఆపాడో ఆమెకి తెలుసు. మళ్ళీ మొదలైంది, పెద్ద చుట్టు. అమ్మ పడవ అంచుకి వెళ్ళింది. పడుతుందేమోనని నేను పరుగెత్తి నడుం పట్టుకున్నాను. 

చప్పుడు రెండోసారి ఆగింది. కింద ఎవరో చెవి ఒగ్గారు.

"హాల్ముందుర్!" అని అరిచింది అమ్మ, ఎదురుగా ఉన్న పడవని పిలిచినట్టు. "ఒరేయ్ హాల్ముందుర్! చాలు నాయనా! దొరికాడురా! మావాడు మూడోనాడే దొరికాడు. వాడే ఒడ్డుకొచ్చాడు. చర్చి పక్కన పెట్టుకున్నాం. నీకు ఎవరూ చెప్పలేదు. ఇంక వెతక్కు, వెళ్ళిపో నాయనా!"

యాత్రికులు ఫోన్లు కిందికి దించేశారు.  మేమంతా స్పీకరు వైపు చూస్తున్నాం, ఇప్పుడు మొదలవ్వాలి, ఇంకో చుట్టు మొదలవ్వాలి. మొదలవలేదు. చాలాసేపు నీటి గురగుర తప్ప ఏమీ లేదు. ఆఖరికి తిమింగలం పాట ఒక్కటే వచ్చింది.

అమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "రాయి చెక్కేవాడికి చెప్పు. వాడి పేరు మన ఐవిందుర్ పక్కనే ఉండాలి."

ఇన్నేళ్ళూ ఆ మాట కోసం బతికిన మనిషి దాన్ని విననే లేదు. స్టైన్వోర్ మోకాళ్ళ మీద కూర్చుని స్పీకరు మీట తిప్పుతోంది, ఇంకా తిప్పుతోంది, చెవి దానికి ఆనించి. చివరికి తలెత్తి మా అమ్మని చూసింది.

"పంపేశావా పిన్నీ?" అంది. "నీ కొడుక్కి సమాధి ఉంది, వెళ్ళి కూర్చుంటావు. నాకు ఆయన చప్పుడొక్కటే ఉండేది కదా!"

అమ్మ ఊగుతున్న పడవలో మెల్లగా కిందికి వంగి ఆమె పక్కనే కూర్చుంది. నేను ఇంజను మొదలుపెట్టకుండా చాలాసేపు అక్కడే ఆపి ఉంచాను.