సామర్లకోట కుర్రాడి వెరిఫికేషన్

1979 వేసవిలో నన్ను జిల్లా స్పెషల్ బ్రాంచికి సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పోలీసు ఉద్యోగమే గాని అక్కడ లాఠీ ఉండదు, యూనిఫాం ఉండదు. మఫ్టీలో, అంటే మామూలు బట్టల్లో తిరగడం, విన్నది రాయడం. మా పనిలో సగం వెరిఫికేషన్లే. కేంద్ర ప్రభుత్వంలో రహస్య కాగితాలు ముట్టుకునే ఉద్యోగం ఎవరికైనా వస్తే వాళ్ళ దరఖాస్తు మా దగ్గరికొస్తుంది. ముందు ఊరి స్టేషన్లో కేసులున్నాయేమో చూస్తాం. తరవాత ఆ మనిషి నివసించిన ప్రతిచోటికీ వెళ్ళి నడవడి, సావాసాలు, రాజకీయాలు, విదేశాలతో సంబంధాలు ఆరా తీస్తాం. అన్నీ సవ్యంగా ఉంటే ‘నథింగ్ అడ్వర్స్’ అని రాస్తాం. ఆ రెండు మాటలూ లేకపోతే ఉద్యోగం లేదు. ఎందుకు లేదో ఆ మనిషికి ఎవరూ చెప్పరు కూడా.

ఆ ఏడు సామర్లకోట నుంచి సూర్యప్రకాశం అనే కుర్రాడి ఫైలు వచ్చింది. తండ్రిది బజార్లో కిరాణా కొట్టు. ఎమ్మెస్సీ ఫిజిక్సు ఫస్టు క్లాసులో ప్యాసై, హైదరాబాదులో రక్షణ శాఖ ప్రయోగశాలలో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. మా హెడ్ కానిస్టేబుల్ అప్పారావు విచారించి వచ్చి, కుర్రాడు ప్రతి ఆదివారం యానాం పోతాడనీ, తాగుతాడనీ, అక్కడ ఎవరెవరితోనో తిరుగుతాడనీ రిపోర్టు రాశాడు. యానాంలో మందు చవక. నేరం అదొక్కటే అయితే సగం జిల్లాకి ఉద్యోగాలుండవు. కాని అది ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఊరు, ఫ్రెంచి పింఛన్లు తీసుకునేవాళ్ళు అప్పటికీ ఉన్నారు. ‘ఎవరెవరితోనో’ అన్న మాట రక్షణ శాఖ కంటబడితే ఆ కుర్రాడి పని అయిపోయినట్టే.

ప్రతికూలంగా పంపే రిపోర్టును రెండో ఆఫీసరు మళ్ళీ విచారించాలని మాకు రివాజు. డీఎస్పీ గారు ఫైలు నా చేతిలో పెట్టి, “ఓసారి చూసి రండి. అయినా మనకెందుకండీ రిస్కు? రేపు వాడేదైనా చేస్తే మీ సంతకమే చూపిస్తారు” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అనుమానం ఉంటే తేల్చాలి గాని, మన చొక్కాకి మరక పడకూడదని ఒకడి బతుకు మీద సిరా ఒలకబోస్తామా?

మర్నాడు పంచె కట్టుకుని, లాల్చీ తొడుక్కుని సామర్లకోట బజారుకెళ్ళాను. మొదటి కొట్టాయన్ని అబ్బాయి ఎలాంటివాడని అడిగాను.

“బంగారమండి బాబూ! నోట్లో వేలు పెట్టినా కొరకడు. మనిషి కూడా మంచి ఎర్రగా ఉంటాడండి.”

రాజకీయాలేమైనా ఉన్నాయా అంటే, “ఒక్కడే కొడుకండి, వాటాల గొడవ లేదు” అన్నాడు. పక్కింటి పెద్దావిడైతే నేను నోరు తెరవకముందే, “వాళ్ళమ్మ మెత్తని మనిషి నాయనా, వచ్చే కోడల్ని కూతుర్లా చూసుకుంటుంది” అంది.

అప్పటికి గాని నాకు వెలగలేదు. ఉతికిన బట్టలు కట్టుకున్న కొత్త మనిషి పెళ్ళికాని కుర్రాడి గురించి వాకబు చేస్తే మా వైపు దానికి ఒకటే అర్థం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కాబట్టి వీధి వీధంతా తలో చెయ్యీ వేస్తోంది. ఆ పొగడ్తల్లో ఒక్క ముక్క కూడా రిపోర్టుకు పనికిరాదు. మరి అందరూ పొగుడుతుంటే ఒక్కాయనే ఎందుకు తిట్టినట్టు? అప్పారావుకు ఆ సమాచారమిచ్చింది ఎదురు బట్టల కొట్టు వెంకటరత్నం గారు. ఆయన దగ్గరికే వెళ్ళాను.

కుర్చీ వేసి, సోడా తెప్పించి, “అమ్మాయి ఏం చదివిందండీ?” అని మొదలుపెట్టారు. ముందు అబ్బాయి సంగతి చెప్పమన్నాను. గొంతు తగ్గించి, “చూస్తూ చూస్తూ పిల్ల గొంతు కొయ్యకండి. వారం వారం యానామేనండి!” అన్నారు.

ఐడెంటిటీ కార్డు తీసి బల్ల మీద పెట్టాను. “నాకు కూతుళ్ళు లేరండి. ఆ కుర్రాడికి ప్రభుత్వం ఉద్యోగమిస్తోంది. మీ మాట మీద అది ఆగిపోయేలా ఉంది.”

ఆయన ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. “అయ్య బాబోయ్! మా చెల్లెలి కూతురికి అనుకుంటున్నామండి. పోయిన నెల ఒకాయన వచ్చి అడిగాడు, ఇప్పుడు మీరొచ్చారు. ఎక్కడ ఎగరేసుకుపోతారోనని...”

“తాగుబోతుకి మేనకోడల్ని ఇద్దామనుకున్నారా?”

“ముట్టడనే కదండీ ఇద్దామనుకుంటున్నాం!”

నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. ఈ విషయం బయట పొక్కకూడదని గట్టిగా చెప్పి లేచాను. పని ఇంకా తేలలేదు. ఇందాక చెడు చెప్పడానికి ఆయనకెంత అవసరముందో, ఇప్పుడు మంచి చెప్పడానికీ అంతే ఉంది. స్వప్రయోజనం ఉన్న సాక్షి ఎటు మాట్లాడినా లెక్కలోకి తీసుకోం.

ఆదివారం కుర్రాడు ఎక్కిన బస్సే ఎక్కి, వెనక సీట్లో కూర్చుని యానాం వెళ్ళాను. దిగి తిన్నగా పిన్నిగారింటికి పోయాడు. ఆవిడ భర్తకి పక్షవాతం. ఇంటి ముందు చిన్న బియ్యం కొట్టు. సాయంత్రం దాకా కుర్రాడు బియ్యం తూచాడు. ‘ఎవరెవరో’ అంటే ఆ బియ్యం బేరాలవాళ్ళే. ఆ కుటుంబంలో ఫ్రెంచి పింఛనుదారులు లేరని వాకబు చేసి రూఢి చేసుకున్నాను. చివరికి బస్టాండు పక్క మందు కొట్టాయన్ని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, “సామర్లకోట వాళ్ళు బోలెడుమంది తెలుసండి నాకు, పేర్లు చెప్పమంటే చెప్పేస్తాను. ఆ బియ్యం కొట్టు అబ్బాయి మాత్రం మా గుమ్మం తొక్కలేదండి” అన్నాడు. నా సర్వీసులో అంతకు మించిన క్యారెక్టర్ సర్టిఫికెట్టు చూడలేదు. తిరుగు బస్సులో నేనే ఫస్టు క్లాసులో ప్యాసైనంత సంబరపడ్డాను.

రిపోర్టు చదివి డీఎస్పీ గారు అప్పారావుని పిలిచారు. మీకు కూతుళ్ళున్నారా అని ఆ బట్టల కొట్టాయన నిన్నడిగాడా అన్నారు.

“అడిగాడండి. మాట కలపడానికనుకుని, ఒకర్తుందని చెప్పానండి.”

డీఎస్పీ గారు కళ్ళజోడు తీసేసి కడుపుబ్బ నవ్వారు. ఆ నవ్వు ఆగకుండానే ‘నథింగ్ అడ్వర్స్’ కింద నా సంతకం పక్కన ఆయనా సంతకం పెట్టారు. కుర్రాడు ఉద్యోగంలో చేరాడు.

మరుసటేడు వెంకటరత్నం గారి నుంచి మేనకోడలి పెళ్ళి శుభలేఖ వచ్చింది. వరుడు సూర్యప్రకాశమే. తనను విచారించిందెవరో అభ్యర్థికి తెలియకూడదన్నది నియమం కాబట్టి నేను వెళ్ళలేదు. మంచి భోజనం పోయింది.

తరవాత కొత్తగా చేరిన వాళ్ళకి శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ కేసే చెప్పేవాణ్ణి. సాక్షి ఏం చెప్పాడో రాసుకునే ముందు, మనల్ని ఎవరనుకుని చెప్పాడో తేల్చుకోవాలి. రిటైరయ్యేదాకా నేను ఏ గడప తొక్కినా మొదటి మాట ఒకటే: “సంబంధం చూడ్డానికి రాలేదండి.”