ఇక్కడ తెలుగు ఎవరికొస్తది!

మొన్న మంగళవారం నుంచి మా గల్లీ మగవాళ్లు నన్ను చూస్తే నమస్కారం పెడుతున్నారు. ఎందుకో చెప్తాను, నవ్వకండి!

ముంబై కామాటిపురలో మా తెలుగు గల్లీ మొత్తానికి బి.ఏ. చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎవరికి జబ్బు చేసినా తోడెళ్లి డాక్టరుతో హిందీలో మాట్లాడేది నేనే. "డాక్టరు ముందు సిగ్గేంటి?" అని కుళాయి లైన్లో అందరికీ క్లాసు పీకేదీ నేనే.

ఆ పొద్దున ఏడింటికి మా మరిది సాయిలు బిందె వదిలేసి, నడుం వంచి కూలబడ్డాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఆర్నెల్లయింది. తాపీపని. హిందీ రాదు. వచ్చే ఎండాకాలంలో పెళ్లి. చూస్తుండగానే రెండు వాంతులు!

"ఏమైంది సాయిలూ?"

"కడుపుల నొస్తుంది వదినె."

మా ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళ్లిపోయాడు. టాక్సీ ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు పొట్ట నొక్కి, "కహా దర్ద్ హై?" అని నొప్పెక్కడో అడిగాడు.

"జర కింద," అన్నాడు సాయిలు గోడకేసి చూస్తూ.

"నీచే," అన్నాను నేను.

ఇంకా కిందా అని డాక్టరు. ఇంకా కింద అని సాయిలు. నాకు అర్థం కాలేదనుకుంటున్నారా? అయింది! కానీ మరిది దగ్గర ఆ మాట నోట్లోంచి రావద్దూ? బయట బోలెడు మంది ఉన్నారు, డాక్టరుకి విసుగొచ్చింది. "ఘుట్నా?" అన్నాడు. "మోకాలా?" అన్నాను. ప్రాణం పోతున్నా సాయిలు తలూపాడు. నేనూ ఊపాను. మోకాలికి ఎక్స్‌రే రాసిచ్చాడు!

ఎక్స్‌రే లైన్లో సాయిలు చెమటలు కక్కుతూ నేల మీద కూర్చున్నాడు. "వదినె, నేను సస్త."

అంతే, నా సిగ్గు ఎటుపోయిందో! చెయ్యి పట్టి లాక్కొచ్చాను. డాక్టరు గది గుమ్మం దగ్గర సాయిలు మొండికేశాడు.

"ఏయ్! ఇక్కడ తెలుగు ఎవరికొస్తది? నొప్పి బీజాలలోనే కదా? ఏ పక్క? చెప్పు!" అని అరిచాను.

బెంచీల మీద తలలన్నీ మా వైపే. సగం మా గల్లీ వాళ్లే! అసలు వాళ్లకి ఈ ఆసుపత్రి దారి చూపించిందే నేను!

మూలనుంచి ఒక ముసలాయన, "జల్ది చెప్పు బిడ్డా! నేను గిట్లనే మూడు దినాలు దాసిన. ఒకటి తీసేసిండ్రు," అన్నాడు.

"ఎడమ పక్క!" సాయిలు ఏడ్చేశాడు.

ఈసారి హిందీలో ఒక్క ముక్క మింగకుండా చెప్పాను. డాక్టరు పరదా వెనక చూసి, వెంటనే స్ట్రెచర్ తెప్పించాడు. "బీజానికి రక్తం తెచ్చే నరం మెలిపడిందమ్మా. గంటల్లో విప్పకపోతే అది చచ్చిపోతుంది. చదువుకున్నవాళ్లలా ఉన్నారు, మోకాలంటారేంటి?"

నా బి.ఏ. అక్కడే కాలువలో కలిసింది.

పన్నెండింటికి ఆపరేషన్ అయిపోయింది. బీజం దక్కింది. మళ్లీ మెలిపడకుండా రెండు పక్కలా కుట్లేశారట. పెళ్లికి అడ్డేమీ లేదన్నారు. మెలకువ రాగానే సాయిలు, "వదినె, అన్నకు కడుపునొప్పనే చెప్పు," అన్నాడు. అలాగే చెప్పాను. కానీ అప్పటికే కుళాయి లైన్ ఆయనకి మొత్తం చెప్పేసింది!

నిన్న ముగ్గురు మగవాళ్లు మా గుమ్మం ముందు తల దించుకుని నిలబడ్డారు.

"అక్కా, జర మాతోని దవాఖానకు రా. నువ్వైతే గట్టిగ చెప్తవంట."

"వస్తాను. కానీ ఎక్కడ నొప్పో చీటీ మీద రాసివ్వండి. నాకు సిగ్గు."

"రాయరాదక్కా."

"అయితే బొమ్మ గీయండి... అయ్యో, వద్దొద్దు! నోటితోనే చెప్పండి!"