అన్న కట్టిన వేపమండలు

మా అన్న చర్చిలో సంఘ పెద్ద. బోధన్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక మా వాడకట్టులో ఎవరైనా పోచమ్మకు బోనం ఎత్తితే ముక్కు చిట్లించేవాడు. అలాంటి మనిషి తన చేతులతోనే గుమ్మానికి వేపమండలు కట్టాడు. ఎందుకంటే పరువు.

నాకు హెచ్‌ఐవీ ఉంది. భర్త పోయాక అన్న ఇంట్లోనే ఉంటూ బట్టలు కుట్టుకుంటున్నాను. ఏళ్లుగా నిజామాబాద్ దవాఖానలో ఇచ్చే గోలీలు వేసుకుని బాగానే ఉన్నాను. పాత గోలీతో కిడ్నీకి ఇబ్బంది వస్తోందని డాక్టరు మార్చి కొత్తది ఇచ్చారు. జ్వరం, ఒంటి మీద దద్దుర్లు కనబడితే వెంటనే రమ్మన్నారు, తాము చెప్పకుండా గోలీ మాత్రం మానొద్దన్నారు. పక్కనే కూర్చున్న అన్న చెవికి రెండోదే ఎక్కింది.

రెండో వారంలో జ్వరం వచ్చింది. తర్వాత ఎర్రటి దద్దుర్లు, వాంతులు. గోలీ వేసుకున్న ప్రతిసారీ ఇంకా ఎక్కువయ్యేది. అంతలో పక్కింటావిడ కిటికీలోంచి నా ముఖం చూసింది. ఆమె అడగకముందే అన్న "పోచమ్మ పోసింది" అనేశాడు, అంటే ఒంటి మీద అమ్మవారు లేచిందని. కాసేపటికే వేపమండలు వచ్చాయి. వాడకట్టుకు రోగం పేరు దొరికింది, మా అన్నకు నిద్ర పట్టింది. పైన పటారం, లోన లొటారం.

"అన్నా, గీ గోలీ నాకు పడ్తలేదు. దవాఖానకు తీస్కపో, లేకుంటె సస్త," అన్నాను.

"మండలు కట్టినంక గడప దాటుతరా? వాడకట్టోళ్లు ఏమనుకుంటరు? ప్రార్థన చేస్తున్న గద," అన్నాడు. అంటూనే గోలీ, నీళ్లు చేతికిచ్చాడు. అటు దేవుడితో అబద్ధం, ఇటు పోచమ్మతో అబద్ధం, మధ్యలో నా ప్రాణం. అంత పిరికి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాటికి ఊపిరి ఆడటం కష్టమైంది. ఆ పొద్దునే ఎదురింటి అవ్వ పసుపు నీళ్ల చెంబుతో వచ్చింది. అవ్వది నిజమైన నమ్మకం. పోచమ్మ పోసిన ఒంట్లో తల్లే ఉంటుందని, ఆ నోరు ఏది అడిగినా కాదనకూడదని ఆమె లెక్క. గడపలో నీళ్లు చల్లి నాకు దండం పెట్టింది.

"సల్లగ సూడు తల్లీ. నీకేం గావాలె? అడుగు."

నేను అన్న వైపే చూస్తూ చెప్పాను. "నిజామాబాద్ దవాఖానకు పోవాలె. గిప్పుడే."

అవ్వ తికమకపడింది. తల్లి దవాఖాన అడగడం ఆమె ఎన్నడూ విని ఉండదు. అయినా అన్న వైపు తిరిగి, "తల్లి నోట వచ్చినంక ఇంక ఆలోచనేంది కొడుకా? ఆటో పిలువు," అంది. వాకిట్లో నలుగురు చేరారు. పోచమ్మ కాదంటే రోగం పేరు చెప్పాలి, అవునంటే నా మాట వినాలి. మా సంఘ పెద్ద మింగలేక కక్కలేక ఆటో పిలిచాడు. అంత జ్వరంలోనూ నాకు నవ్వొచ్చింది.

డాక్టరు నన్ను చూడగానే ఆ గోలీ ఆపేశారు. ఇంకో రెండు రోజులు వేసుకుని ఉంటే దక్కేదాన్ని కాదన్నారు. కాస్త తగ్గాక అన్నను కూడా పిలిచి చెప్పారు.

"ఈ మందు ఈమె జన్మలో మళ్లీ ముట్టకూడదు. ఒక్కటి వేసుకున్నా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఈ మాట చెప్పాలి."

అన్న గొంతు తగ్గించి అడిగాడు. "మందు పేరు చెప్తే రోగం తెలుస్తది గద సార్. చెప్పకుంటె నడువదా?"

థూ. చెల్లె బతికిందన్న మాట ఆ నోట రాలేదు. పక్క మంచాల వాళ్లకు వినపడేలా నా రోగం పేరు, ఆ మందు పేరు నేనే చెప్పాను. అన్న తల దించుకుని బయటికి నడిచాడు.

డిశ్చార్జి రోజు అతను రాలేదు. ఒక్కదాన్నే బోధన్ బస్సెక్కాను. ఇంటికి చేరేసరికి నా పెట్టె, బట్టల మూట గడప బయట ఉన్నాయి. తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది.