పన్నెండేళ్లు దాటిన పులి

పులి రంగు ఆరేదాకా మనిషి కూర్చోకూడదు. చేతులు ఒంటికి తగలకూడదు. మా చిన్నమావ తెల్లవారకముందే పెరట్లో కాళ్లు ఎడంగా పెట్టి, రెండు వెదురు కర్రల మీద చేతులు ఆనించి నిలబడేవాడు. ముందు ఒళ్లంతా పసుపు, పొట్ట మీద తెలుపు, అవి ఆరాక నల్లచారలు. మధ్యలో దాహమేస్తే అత్త గ్లాసు ఎత్తి నోట్లో పాలు పోసేది. దీక్షలో ఉన్నన్నాళ్లూ ఆయనకి ఒంటిపూట భోజనం, కటిక నేల మీద పడక.

మావ మా అమ్మకి ఆఖరి తమ్ముడు. గరివిడి పక్కన ఊరు, ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. మేం శ్రీకాకుళంలో ఉండేవాళ్లం. నాన్న బడిపంతులు, మా వీధి భజన మందిరానికి పెద్ద. శనివారం సాయంత్రం పురాణం చెప్పేవారు. నేను అక్షరాలు దిద్దింది ఆ మందిరం చాప మీదే. పెద్దయ్యాక నాన్న పక్కన కూర్చుని నేను చదివేదాన్ని, ఆయన అర్థం చెప్పేవారు. ఇప్పటికీ అమ్మవారి నామాలు చదవనిదే నాకు పొద్దు మొదలుకాదు. మా వాళ్లందరికీ నాన్న మాటంటే శాస్త్రం. ముహూర్తమైనా, మైల పట్టింపైనా, మొక్కు సందేహమైనా ఆయన్నే అడిగేవారు. మావ అయితే మరీను. ‘బావ సెప్పాడంటే అమ్మోరు సెప్పినట్టే’ అనేవాడు.

ఆ మావకి ఒక్కతే కూతురు. ఐదేళ్లప్పుడు జ్వరం వచ్చి తగ్గింది కానీ, తగ్గిన రెండో రోజు మంచం దిగబోయి కూలబడిపోయింది. కాళ్లు పట్టు తప్పాయి. విశాఖలో పెద్దాసుపత్రిలో చాలాకాలం ఉంచారు. ఆ రోజుల్లోనే మావ ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడు. పిల్ల నడిస్తే తనూ పిల్లా ఇద్దరూ పులులై దసరాకి ఆమె ఎదుట ఆడతామని. ‘నేను’ అని మొక్కుకుంటే సరిపోయేది. ‘ఇద్దరం’ అన్నాడు. నడవలేని పిల్ల నడవడమే కాదు, ఆడాలి కూడా అని ఆయన ఆశ. అంత అడిగాడు కాబట్టే అమ్మ అంత ఇచ్చిందని నేను నమ్ముతాను.

పిల్ల నడిచింది. మొదట గోడ పట్టుకుని, తర్వాత మేక వెనకాల, ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆగకుండా.

మొక్కు తీర్చబోతే ఊళ్లో ఒప్పుకోలేదు. పులివేషం దీక్షతో వేసేది, పద్దెనిమిది నిండిన మగవాళ్లే వేయాలి, చిన్నపిల్లలు ఉపవాసం ఉండలేరు, అందులోనూ ఆడపిల్ల అన్నారు పులిమేళం పెద్దలు. మావ బతిమాలాడు. పిల్లకి చారలు మాత్రం పెడతాను, మేళంలో కలవదు, పక్కన రెండడుగులు వేస్తుంది అన్నాడు. కాదన్నారు. వాళ్లదీ తప్పనలేను, అది వాళ్ల తాతలనాటి కట్టుబాటు. అలా ప్రతి దసరాకీ మావ ఒక్కడే ఆడేవాడు. పిల్ల అరుగు మీద నిలబడి చూసేది. ఆట అయ్యాక ఇంటికొచ్చి కిరోసిన్ గుడ్డతో రంగు తుడుచుకుంటూ, ‘సగమే తీరినాది, ఇంకా సగమున్నాది’ అనేవాడు మావ.

పిల్లకి పదో ఏడు వచ్చిన దసరాకి ఒక కాగితం ఇంటికొచ్చింది. విజయనగరం దాటాక హైవే పక్కన పిల్లల పార్కు ఒకటి పెట్టారు. రంగులరాట్నం, నీళ్లలో జారే బల్లలు, బొమ్మ రైలు. దసరా సెలవుల్లో వేషాల ఊరేగింపు ఉందని, కుటుంబంతో కలిసి రమ్మని, ఊరేగింపు పార్కులో నిలబెట్టిన దుర్గమ్మ మండపం దగ్గర ముగుస్తుందని ఆ కాగితంలో ఉంది. మావ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని శ్రీకాకుళం వచ్చేశాడు. నాన్న రెండుసార్లు చదివారు. మొక్కు మీ ఊరి గుళ్లోనే అని అనుకున్నావా, అమ్మ ఎదుట అనుకున్నావా అని అడిగారు. అమ్మ ఎదుట అనే అన్నాడు మావ. అయితే ఆ మండపంలో ఉన్నదీ అమ్మే, నిక్షేపంగా తీర్చుకో అన్నారు నాన్న. మావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాన్నతో పాటు నన్ను కూడా రమ్మన్నాడు.

ఆ రోజు పెరట్లో ఇద్దరు నిలబడ్డారు. పిల్లకి ఒంటికి పసుపు చొక్కా, లాగు కుట్టించారు. ముఖానికీ చేతులకీ మాత్రం రంగు. తండ్రిలాగే అదీ కదలకుండా నిలబడింది. ముక్కు దురద పుడితే అత్త గోకింది. పులిపిల్లకి పాలు కావాలా అని నేనడిగితే, ‘పులులు మాటాడవు వదినా’ అంది. మావ నవ్వబోయి, మీసాల గీతలు చెదురుతాయని ఆగిపోయాడు.

ఎండ బాగా ముదిరాక పార్కు గేటు దగ్గర ఆటో దిగాం. నాన్న, నేను, రెండు పులులు. గేటు దగ్గర ఖాకీ చొక్కా కాపలామనిషి మావని చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. తనది నెల్లిమర్ల దగ్గరని, తన తండ్రి కూడా పులివేషం కట్టేవాడని చెప్పాడు. అంతా చెప్పి, గేటు పక్కన బోర్డు చూపించాడు. పన్నెండేళ్లు దాటినవారికి లోపల వేషాలు, ముఖానికి రంగులు, ముసుగులు నిషేధం. కాగితంలో ఆ మాట లేదు. రాసేటప్పుడు ఇంత పెద్ద మనిషి పులై వస్తాడని వాళ్లు మాత్రం అనుకుంటారా.

అంతకుముందు ఏడాది ఎవరో ముసుగు వేసుకొచ్చి పిల్లల్ని జడిపించారట. ఒక పిల్ల కాసేపు కనపడకుండా పోయిందట. అందుకని పెట్టారు. వినగా ఆ నియమంలో నాకేమీ తప్పు కనపడలేదు. మనం పిల్లల్ని తీసుకెళ్లే చోట ముఖం తెలియని పెద్దవాళ్లు తిరగడం ఎవరికిష్టం? మావ మొక్కు సంగతి చెబితే ఆ మనిషి లోపలికి ఫోను చేశాడు. పెట్టేసి తల అడ్డంగా ఊపాడు.

“నానేటి సేయగల్ను బావూ. పాపని పంపండి. మీరు ఆ కుళాయికాడ మొకం కడిగేసి రండి, నానే దగ్గరుండి తీసుకెళ్తాను.”

“కడిగేస్తే పులెక్కడిది?” అన్నాడు మావ. కోపంగా కాదు. ఆ మనిషికి తెలియని సంగతి ఒకటి చెబుతున్నట్టు అన్నాడు.

చివరికి పిల్లని తీసుకుని నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. ఊరేగింపులో పోలీసులు, డాక్టర్లు, సీతాకోకచిలుకలు, ఒక చిన్న గాంధీ తాత. పులి మాది ఒక్కటే. మైకులో చాలా బాగుందని పొగిడారు. మండపం దగ్గర పిల్లలంతా తలా ఒక నిమిషం ఆడి, పాడి, దణ్ణం పెట్టి వెళ్తున్నారు. మా పిల్ల వంతు వచ్చింది. అమ్మవారి ముందు నిలబడింది. తాసా డప్పులు మోగిస్తున్నవాళ్లు దాన్ని చూసి పులి దరువు ఎత్తారు. అది కదల్లేదు. నా వైపు తిరిగి, “నానొక్కదాన్నే ఆడితే నాన్న మొక్కు తీరదు కదా వదినా” అంది. తర్వాతి పిల్లకి తొందరగా ఉంది. దణ్ణం పెట్టించి తీసుకొచ్చేశాను.

బయట బళ్లు నిలిపే చోట మావ చుట్టూ జనం. వచ్చినవాళ్లంతా పులితో ఫోటోలు దిగుతున్నారు. ఎవరి పసివాడినో ఆయన చంకకెక్కించారు. మావ అందరితోనూ ఓపిగ్గా నిలబడుతున్నాడు. ఎండకి భుజాల మీద రంగు పగిలి, లోపలి చర్మం సన్నగా కనబడుతోంది. నాన్న కాస్త దూరంగా చెట్టునీడలో కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్నారు.

పిల్ల లోపల ఆడలేదని తెలిసి మావ దాని చెయ్యి పట్టుకుని నాన్న దగ్గరకి తీసుకెళ్లాడు. లోపల తాసాలు గోడ దాటి వినిపిస్తూనే ఉన్నాయి. పిల్ల పాదం ఆ దరువుకి అప్పుడే కదులుతోంది.

“బావా, ఇద్దరం ఇక్కడున్నాం. దరువు వినిపిస్తన్నాది. ఇక్కడే ఆడేస్తే మొక్కు సెల్లుతాదేటి?”

నాన్న కళ్లు తెరిచి గేటు వైపు చూశారు. లోపలి మండపం అక్కణ్ణించి కనపడదు. టికెట్ల గది అడ్డం.

“అమ్మ ఎదర ఆడతానన్నావు కదరా. ఇక్కడ అమ్మేదీ?” అన్నారు.

ఆయన నిర్దయగా అనలేదు. మాట తేడాగా మొక్కు తీర్చి, మళ్లీ పిల్లకేమైనా అయితే మావ జీవితాంతం కుమిలిపోతాడని భయపడ్డారు. ఆ మాట నాకు చాలాకాలం తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం మావ తల ఊపాడు. బావ సెప్పాడు కదా. పిల్ల పాదం ఆగిపోయింది. నాకదే కనపడింది, ఆ ఆగిపోవడం. తిరుగు దారిలో తండ్రీకూతుళ్లు ఆటోలో పక్కపక్కనే కూర్చుని, రంగు అంటకుండా ఒకరికొకరు కాస్త ఎడంగా ఒరిగారు. సాయంత్రం గుడి దగ్గర మావ ఒక్కడే ఆడాడు.

తర్వాత చాలారోజులు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాన్న మాత్రం కొంచెం మారారు. ఎవరైనా సందేహం అడిగితే వెంటనే తేల్చేసే మనిషి, చూద్దాం అనడం మొదలుపెట్టారు. రెండేళ్లు దాటాక ఒక శనివారం మందిరంలో నేను అమ్మవారి నామాలు చదువుతున్నాను, ఆయన అర్థం చెబుతున్నారు. అంతటా నిండి ఉన్నది అనే అర్థం వచ్చే నామం దగ్గరకి వచ్చాం. ఎన్నేళ్లుగానో చెప్పిన అర్థమే. రాయిలో ఉంది, నీటిలో ఉంది, నడిచే దారిలో ఉంది అంటూ చెబుతున్నవారల్లా ఆగిపోయారు. మంచినీళ్లు తాగారు. మళ్లీ మొదలుపెట్టలేదు. నేనే తర్వాతి నామం అందుకున్నాను.

జనం వెళ్లిపోయాక చాపలు చుడుతుంటే నాతో అన్నారు:

“ఆ గేటు దగ్గరివాడికి బోర్డుంది. వాడు అది చూసి చెప్పాడు. నేనేది చూసి చెప్పానే?”

మర్నాడు పొద్దున్నే ఆయనా నేనూ గరివిడి బస్సెక్కాం. దారిపొడవునా ఆయన పిల్లాడిలా హుషారుగా ఉన్నారు. వచ్చే దసరాకి మన మందిరం ముంగిట్లోనే ఇద్దరినీ ఆడిద్దాం, మేళంవాళ్ల పట్టింపు లేదు, పార్కువాళ్ల పట్టింపు లేదు, ఎంత వయసువాళ్లయినా ఆడొచ్చు, ఎవరడ్డొస్తారో చూస్తాను అన్నారు. తాసాలవాళ్లని కూడా మనసులోనే మాట్లాడేసుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది.

మావ ఇంటి దగ్గర లేడు, డ్యూటీలో ఉన్నాడు. అత్త కుర్చీ వేసింది. పిల్ల లోపల్నించి వచ్చింది. గుమ్మంలో తల వంచి మరీ వచ్చింది, అంత పొడవైంది. చున్నీ సర్దుకుని నాన్న కాళ్లకి దణ్ణం పెట్టింది. నాన్న బస్సులో నాతో చెప్పినదంతా దానికి చెప్పారు. అది మొదట అర్థం కానట్టు విన్నది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

“ఇప్పుడేటి మావయ్యా. నాను ఎనిమిదో తరగతి. ఫ్రెండ్సు సూస్తే సచ్చిపోతాను.”

“మన మందిరమే కదే. మన వాళ్లే ఉంటారు,” అన్నారు నాన్న.

“మన వాళ్లే కదా అసలు సిగ్గు,” అని నవ్వేసింది. కొంచెం ఆగి, నాన్న ముఖం చూసి, “అప్పుడైతే ఆడేద్దునే” అంది. నిష్ఠూరం లేదు. చిన్నప్పటి చొక్కా ఒకటి ఇప్పుడు పట్టదని చెప్పినట్టు చెప్పింది. ట్యూషన్‌కి వేళైందని సైకిలెక్కి వెళ్లిపోయింది. నాన్న లేచి వీధిలోకి వచ్చి, సందు మలుపు దాకా ఆ పిల్ల కాళ్లనే చూస్తూ నిలబడ్డారు.

మావ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, ఆ రోజు నేను చెప్పింది తప్పురా అన్నారు. మావ కంగారుపడిపోయాడు. బావ తన దగ్గర అలా తల దించడం ఆయన భరించలేకపోయాడు.

“నేదు బావా, నువ్వు సరిగ్గానే సెప్పినావు. అమ్మ ఎదరే కదా నానన్నాను,” అంటూనే ఉన్నాడు. నాన్న తప్పన్నకొద్దీ ఆయన కాదన్నాడు. ఏది తప్పో ఏది ఒప్పో నాన్నే ఆయనకి నేర్పారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటానంటే ఆయన ఇవ్వడం లేదు.

నాన్న పోయి కొన్నాళ్లైంది. మావ మోకాళ్లు అరిగాయి, మేళంవాళ్లు ఇక చాలు అంటున్నారు. అయినా దసరాకి రంగు పూయించుకుంటాడు, సగం మొక్కు ఉండగా మానకూడదని. అమ్మ లెక్కలు చూసుకునేది కాదు మావా, ఆ రోజు గేటు బయట నీ పిల్ల పాదం కదిలినప్పుడే ఆమె పుచ్చుకుంది అని నేను చెప్పి చూశాను. నేను నిజంగా నమ్మేది అదే. ఆయన విని, “మీ నాన్న అలగ సెప్పనేదమ్మా” అన్నాడు.